ఒక ఇంగ్లీషు పలుకుబడి, దాని వెనక ఊపిరి

ఇంగ్లీషులో 'పుల్ అవుట్ ఆల్ ద స్టాప్స్' అనే పలుకుబడి ఒకటి ఉంది. చేతనైనదంతా చేయడం, ఏ ప్రయత్నమూ మిగల్చకపోవడం, ఉన్న బలమంతా వినియోగించడం అని దానికి నిఘంటువులు అర్థం చెబుతాయి. మన పత్రికల్లో అనువాదకులు దీనికి 'సర్వశక్తులూ ఒడ్డడం' అనే మాటను స్థిరం చేసుకున్నారు. ఉపఎన్నిక వస్తే పార్టీలు సర్వశక్తులూ ఒడ్డుతాయి. వరద వస్తే ప్రభుత్వం ఒడ్డుతుంది. క్రికెట్టు జట్టు సరేసరి. అర్థం తెలుస్తోంది, పని జరిగిపోతోంది, ఇక దీని మీద వ్యాసం దేనికని మిత్రులు అడగవచ్చు.

నేను డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతాను. అందులో అనువాదం కూడా ఒక పాఠ్యాంశం. ఒక మాటకు సరియైన మాట దొరికిందా లేదా అన్నంతవరకే అయితే ఆ పాఠం నలభై నిమిషాల్లో ముగుస్తుంది. అయితే పలుకుబడులు ఊరికే పుట్టవు. ప్రతి పలుకుబడి వెనకా ఏదో ఒక పని ఉంటుంది. ఆ పనిలో చేసినవాడొకడు, చేయించినవాడొకడు ఉంటారు. కాలక్రమాన పని మాసిపోయి పలుకుబడి మాత్రం మిగులుతుంది. అలా మిగిలినప్పుడు చేసినవాడూ చేయించినవాడూ ఇద్దరిలో ఎవరి జ్ఞాపకం అందులో నిలిచింది అన్నది సాహిత్య విద్యార్థి అడగదగిన ప్రశ్న అని నా అభిప్రాయం. ఈ ఇంగ్లీషు మాట ఆ ప్రశ్నకు చాలా ముచ్చటైన ఉదాహరణ.

స్టాపు అంటే ఇక్కడ బస్సు ఆగే చోటు కాదు, వాక్యం చివరి చుక్కా కాదు. ఐరోపా చర్చీలలో ఉండే పెద్ద ఆర్గన్ వాద్యం ఈ పలుకుబడికి పుట్టిల్లు. మన హార్మోనియంలో సన్నని ఇత్తడి రీడ్లు కంపించి ధ్వని పుడుతుంది. ఆ ఆర్గన్‌లో గొట్టాలుంటాయి, వందలు, వేలు. ఒక్కొక్క రకం గొట్టాల వరుసకు ఒక్కొక్క నాదం: ఒకటి పిల్లనగ్రోవిలా, ఒకటి కొమ్ముబూరలా, మరొకటి గుండెల్లో ఉరిమినట్టు. ఏ వరుసకు గాలి వెళ్ళాలో, ఏ వరుసకు వెళ్ళకూడదో నిర్ణయించడానికి వాయించేవాడికి ఇరువైపులా పిడులుంటాయి. పిడిని లోపలికి నెడితే ఆ వరుసకు గాలి బందు, బయటికి లాగితే దారి తెరుచుకుంటుంది. గాలిని ఆపేది గనక అది స్టాపు. అన్ని స్టాపులూ బయటికి లాగి మెట్ల మీద వేళ్ళు వేస్తే గొట్టాల వరుసలన్నీ ఒక్కసారిగా పలికి చర్చి గోడలు అదురుతాయి.

ఇక్కడ చరిత్ర ఒక విచిత్రం చేసింది. మధ్యయుగాల తొలి ఆర్గన్లకు స్టాపులే లేవు. ఒక మెట్టు నొక్కితే దానికి చెందిన గొట్టాలన్నీ మోగవలసిందే. కొంత మోగించి కొంత ఊరుకోబెట్టే ఉపాయం అప్పటికి లేదు. 15వ శతాబ్దం నాటికి గాని వరుసలను విడదీసి, అక్కరలేనివాటిని ఆపివేసే ఏర్పాటు స్థిరపడలేదు. అంటే, అన్నీ ఒక్కసారిగా మోగడం ఆ వాద్యపు మోటు దశ. దాని ప్రగతి అంతా ఆపడం నేర్చుకోవడంలో ఉంది. పలుకుబడి మాత్రం ఆ ప్రగతిని పక్కన పెట్టి, అన్నీ తెరిచెయ్యడమే గొప్ప అన్నట్టు మాట్లాడుతుంది.

అసలు సంగతి గాలి. వేల గొట్టాలకు గాలి ఎక్కడనుంచి వస్తుంది? కొలిమి దగ్గర తిత్తి చూసిన వాళ్ళకు వెంటనే తడుతుంది. ఆర్గన్ వెనక, భక్తుల కంటికి ఆనని చీకటి గదిలో, పెద్దపెద్ద తోలు తిత్తులుండేవి. వాటిని మనుషులు చేతులతో ఎత్తి దించేవారు, లేదా కాళ్ళతో తొక్కేవారు. 10వ శతాబ్దం చివర ఇంగ్లండులోని వించెస్టర్‌లో ఉండిన ఆర్గన్‌ను గురించి వుల్ఫ్‌స్టన్ అనే సన్యాసి లాటిన్ పద్యంలో వర్ణించాడు. దానికి 400 గొట్టాలు, 26 తిత్తులు, వాటిని ఆడించడానికి 70 మంది బలశాలులు అని ఆయన లెక్క. ఆ లెక్కలో కవి అతిశయోక్తి ఉందని పండితులంటారు. ఉండనీయండి. ఆ మనుషుల చెమటను చూసి, పద్యంలో చోటిచ్చిన కవి ఒకడున్నాడు, నాకది చాలు. జర్మనీలోని హాల్బెర్‌స్టాట్ కేథడ్రల్‌లో 1361లో పూర్తయిన ఆర్గన్‌కు 20 తిత్తులు. వాటిని తొక్కడానికి పదిమంది, కాలికొక తిత్తి చొప్పున. 17వ శతాబ్దం తొలినాళ్ళలో ప్రేటోరియస్ అనే సంగీతశాస్త్రజ్ఞుడు ఈ వివరాలు రాసి, తిత్తుల బొమ్మ కూడా అచ్చు వేయించాడు. వాయించే మనిషికి పీట ఉంది. తొక్కే మనిషికి పట్టుకోవడానికి ఒక అడ్డకర్ర ఉంది.

స్టాపులు ఎన్ని ఎక్కువ లాగితే అంత ఎక్కువ గాలి ఖర్చవుతుంది. కాబట్టి అన్ని స్టాపులూ లాగిన క్షణాన ముందు కూర్చున్నవాడు పడే అదనపు శ్రమ నాలుగు పిడులు లాగేంత, వెనక ఉన్నవాళ్ళు పడేది కాళ్ళు పడిపోయేంత. సర్వశక్తి ప్రయోగాన్ని సూచించే మాటగా ప్రపంచమంతా వాడుకుంటున్న ఈ పలుకుబడిలో, శక్తి ఎవరిదో వాళ్ళ ఊసే లేదు. ఉన్నదల్లా పిడి లాగిన చెయ్యి.

బాఖ్ మహాశయుడు కొత్త ఆర్గన్‌ను పరీక్షించడానికి వెళితే మొట్టమొదట అన్ని స్టాపులూ లాగి, నిండుగా వాయించి, దీనికి మంచి ఊపిరితిత్తులున్నాయో లేదో చూడాలి గదా అని హాస్యమాడేవాడట. ఆయన కొడుకు తరవాత ఒక ఉత్తరంలో ఈ సంగతి చెప్పాడు. ఆ పరీక్షకు వాద్యం తయారుచేసినవాళ్ళ ముఖాలు పాలిపోయేవట. తొక్కేవాళ్ళ ముఖాల సంగతి ఎవరూ రాయలేదు. ఈ కథలో నన్ను ఆకట్టుకున్నది వేరే ఉంది. శ్వాసకోశానికి మన తెలుగువాడు పెట్టుకున్న పేరే ఊపిరితిత్తి. కొలిమి దగ్గర తోలు తిత్తి ఊది ఊది, చివరికి తన ఛాతీలో ఉన్నదీ తిత్తేనని కనిపెట్టినవాడు ఏ కమ్మరో అయి ఉండాలి. జర్మన్ సంగీతకారుడికి పరిహాసమైన పోలిక మనకు దినదినం వాడుకునే నామవాచకం.

ఆర్గన్‌కు దూరపు చుట్టం మన హార్మోనియం. 19వ శతాబ్దంలో పారిస్‌లో పుట్టి, కలకత్తా మీదుగా మన పద్యనాటకాల రంగస్థలం చేరింది. దానికీ స్టాపులున్నాయి, దానికీ తిత్తి ఉంది. కాని ఇక్కడ తొక్కేవాడూ వాయించేవాడూ ఒక్కడే. కాలి హార్మోనియం ముందు కూర్చున్న కళాకారుడు తెల్లవారేదాకా తన కాళ్ళతో తానే గాలి పోసుకుని, నటుడి రాగాలాపన ఎంత సాగితే అంతసేపూ శ్రుతి నిలబెట్టేవాడు. ఆయన అన్ని స్టాపులూ లాగితే ఆ సంగతి ఆయన పిక్కలకే తెలుస్తుంది. ఈ పలుకుబడి గనక మన నాటకాల పందిరి కింద పుట్టి ఉంటే దాని అర్థం న్యాయంగా ఉండేది కాబోలు!

ఆర్గన్ స్టాపులను మనిషికి అన్వయించి చెప్పిన ఖ్యాతి మాథ్యూ ఆర్నాల్డ్‌కు దక్కింది. 1865లో వెలువడిన తన విమర్శ వ్యాసాల సంపుటి పీఠికలో ఆయన ఆధునిక ఇంగ్లీషువాణ్ణి ఒక ఆర్గన్‌తో పోల్చాడు. వాద్యం బలమైనదే గాని దాని నాదం ఇరుకు, ఇంకొన్ని స్టాపులు బయటికి లాగాలని నేను ప్రయత్నిస్తున్నాను అని ఆయన భావం. గమనించండి: ఆయన అడిగింది 'అన్ని' స్టాపులు కాదు, 'ఇంకొన్ని'. కోరింది మోత కాదు, వైవిధ్యం. ఒకే నాదంతో గొంతు చించుకుంటున్న జాతికి వేరే నాదాలు కూడా ఉన్నాయని గుర్తుచేయడం ఆయన ఉద్దేశం. ఆ తరవాత వాడుకలో గుణం పోయి పరిమాణం మిగిలింది. 'రకరకాలుగా' అన్నది 'గట్టిగా' అయింది. పెట్టుబడి చేతిలో పడిన మాటలకు తరచు పట్టే గతి ఇదే.

ఆర్నాల్డ్ మనవాడేమీ కాదు. 1866లో హైడ్ పార్కు దగ్గర కార్మికుల ఊరేగింపు ఇనుప కటకటాలు విరగదొక్కితే బెంబేలెత్తి అరాచకమని గగ్గోలు పెట్టిన పెద్దమనిషి. కాని ఆయన 35 ఏళ్ళు పాఠశాలల ఇనస్పెక్టరుగా ఊళ్ళు తిరిగాడు, బళ్ళు ఎలా నడుస్తాయో కళ్ళారా చూశాడు. 1862లో బ్రిటిష్ ప్రభుత్వం 'ఫలితాలను బట్టి చెల్లింపు' అనే విధానం పెట్టింది. ఇనస్పెక్టరు వచ్చి పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించాలి. ఎంతమంది నెగ్గితే బడికి అంత గ్రాంటు. దాంతో పిల్లవాడు డబ్బు తెచ్చే సరుకయ్యాడు, ఉపాధ్యాయుడు ఆ సరుకును ఇనస్పెక్టరు రాకకు సిద్ధం చేసేవాడయ్యాడు. ప్రభుత్వోద్యోగి అయి ఉండి కూడా ఆర్నాల్డ్ దీన్ని బహిరంగంగా వ్యతిరేకించాడు, చదువు యాంత్రికమవుతుందని హెచ్చరించాడు. ఆ విధానం పూర్తిగా తొలగడానికి 19వ శతాబ్దం చివరిదాకా పట్టింది.

ఈ సంగతులు తలుచుకోవడానికి నాకొక కారణం ఉంది. మార్చి నెలలో మా కళాశాల యాజమాన్యం నుంచి అధ్యాపకులందరికీ ఇంగ్లీషులో ఒక సర్క్యులర్ వచ్చింది. వచ్చే విద్యాసంవత్సరం అడ్మిషన్ల కోసం, ఈ సంవత్సరం ఫలితాల కోసం అధ్యాపకులు 'అన్ని స్టాపులూ లాగాలి' అని అందులో ఉంది. చదువుకున్న పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. ప్రైవేటు కళాశాలల్లో పనిచేసే వాళ్ళకు అడ్మిషన్లంటే ఏమిటో తెలుసు. ఏప్రిల్, మే ఎండల్లో సొంత బండి మీద ఊరూరా తిరగాలి, ఇంటర్మీడియట్ రాసిన పిల్లల ఇళ్ళు వెతకాలి, కరపత్రం చేతిలో పెట్టి తండ్రిని బతిమాలాలి, తలా ఇంతమందిని చేర్చామని జాబితా చూపాలి. మాలో సగానికి పైగా పది నెలల జీతగాళ్ళం. ఆ రెండు నెలలు జీతం ఉండదు, తిరగడం మాత్రం ఉంటుంది. నన్నయనో గురజాడనో చెప్పడానికి చేరిన మనిషి బత్తాయి తోటల పక్కన బండి ఆపి, ఫలానా మాస్టారి అబ్బాయి ఇల్లెక్కడని అడుగుతూ ఉంటాడు. ఒక ఊళ్ళో ఒక ముసలాయన నన్ను ఇన్సూరెన్సు ఏజెంటనుకుని, "మాకేం వొద్దు బాబూ, ఉన్న పాలసీయే కట్టలేకపోతున్నాం" అన్నాడు.

సర్క్యులర్‌లోని ఆ వాక్యం నేను రెండుమూడు సార్లు చదివాను. పిడులు ఏ గదిలో ఉన్నాయో, తిత్తులు ఏ ఎండలో ఉన్నాయో అంత స్పష్టంగా చెప్పిన వాక్యం మరొకటి ఈ మధ్య నా కంటబడలేదు. రాసినవారికి ఆ ఉద్దేశం లేదనుకోండి.

ఇదే మాటను తెలుగులో రాయవలసి వస్తే ఏం రాసేవారు? ఇక్కడే మన భాష నాకు ఆసక్తి కలిగిస్తుంది. శాయశక్తులా అని ఒక మాట ఉంది. 'చేయు' అన్న క్రియకు 'శాయు' అనే రూపం పాత ఉత్తరాల్లో, దస్తావేజుల్లో విరివిగా కనబడుతుంది. చేయగలిగినంత శక్తితో అని దీని తాత్పర్యం. ఇందులో ఒక హద్దు ఉంది: నా శక్తి ఉన్నంతవరకు. శక్తి అయిపోయాక ఈ మాట కూడా అయిపోతుంది. మర్యాదస్థుల మాట. రెండోది, రెక్కలు ముక్కలు చేసుకోవడం. రెక్కాడితే గాని డొక్కాడని జనం పుట్టించిన మాట ఇది. దీనికి ఆజ్ఞార్థకం పొసగదు. 'మా అమ్మ రెక్కలు ముక్కలు చేసుకుని నన్ను చదివించింది' అంటాం. 'మీరు రెక్కలు ముక్కలు చేసుకోండి' అని ఏ యజమానీ సర్క్యులర్ రాయలేడు. రాస్తే అందులోని క్రౌర్యం అక్షరాల్లో కనబడిపోతుంది. ఆ చివరి 'కొను' అన్న అనుబంధం శ్రమను చేసినవాడి దేహానికే కట్టిపడేస్తుంది.

మూడోది, పత్రికలవారి ముద్దుబిడ్డ: సర్వశక్తులూ ఒడ్డడం. ఒడ్డడమంటే జూదంలో పణం పెట్టడం. ఇది పనిలోంచి వచ్చిన మాట కాదు, పందెంలోంచి వచ్చిన మాట. మన సాహిత్యంలో అతి ప్రసిద్ధమైన ఒడ్డడం సభాపర్వంలో జరిగింది. ధర్మరాజు ధనం ఒడ్డాడు, తమ్ముళ్ళను ఒడ్డాడు, తన్ను తాను ఒడ్డుకున్నాడు, చివరకు ద్రౌపదిని ఒడ్డాడు. సభకు రమ్మని పిలుపు వచ్చినప్పుడు ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: ముందు ఓడింది తన్నా, నన్నా? తన్ను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే అధికారం ఎక్కడిదని దాని అంతరార్థం. భీష్ముడంతటివాడు తేల్చి చెప్పలేకపోయాడు. ఈ వ్యాసం సంగతికి వస్తే, ధర్మరాజు తొలి వరసలో ఒడ్డినవాటిలో దాసదాసీ జనం కూడా ఉన్నారు. వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు, వాళ్ళూ ఏమీ అడిగినట్టు లేదు. సర్వశక్తులూ ఒడ్డుతామని నాయకులు ప్రకటించినప్పుడల్లా ఆ సర్వంలో ఎవరెవరున్నారని అడగవలసిన అవసరం అందుకే.

తరగతిలో ఈ ఆర్గన్ సంగతంతా చెప్పి, ఇంగ్లీషు పలుకుబడిని తెలుగు చేయమన్నాను. ఎక్కువమంది సర్వశక్తుల దగ్గరే ఆగారు. ఒక కుర్రవాడు 'గేట్లన్నీ ఎత్తేయడం' అన్నాడు. ప్రాజెక్టు కింది ఊరివాడు, బాగానే ఉంది. వెనక బెంచీ అమ్మాయి ఒకతె మాత్రం 'తిత్తులన్నీ తొక్కించడం' అని రాసింది. తొక్కడం కాదు, తొక్కించడం. ఇంగ్లీషు వాక్యంలో కర్త దాచిపెట్టినదాన్ని తెలుగు ప్రేరణార్థక ప్రత్యయం రెండక్షరాల్లో బయటపెట్టింది. చేయు, చేయించు, దున్ను, దున్నించు, మోయు, మోయించు. మన వ్యాకరణంలో ఈ ఇంచుక్కుకు ఉన్న వర్గస్వభావాన్ని గురించి వేరే వ్యాసమే రాయవచ్చు. ఆమెను లేపి మెచ్చుకోబోతే, "మా నాయన ఇటుకల బట్టీలో మేస్త్రీ సార్, ఎప్పుడూ ఆ మాటే" అంది.

మన శిబిరం సంగతి కూడా ఒక మాట చెప్పకపోతే ఈ చర్చ ఏకపక్షమవుతుంది. 1935 ఆగస్టు చివర దొన్‌బాస్ బొగ్గుగనిలో స్తఖనోవ్ ఒకే షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తవ్వాడని సోవియట్ దేశమంతా మారుమోగింది. నియమం 7 టన్నులు. పొగడ్తలో పడి చాలామంది మరిచిపోయిన వివరమేమంటే, ఆయన తవ్వుతూ పోతుంటే వెనకనుంచి గని కప్పుకు దుంగలు నిలబెడుతూ వచ్చినవారు ఇద్దరున్నారు. మామూలుగా తవ్వేవాడే ఆపి ఆపి ఆ పని కూడా చేసుకోవాలి. ఆ రాత్రి పని విభజన మారింది, రికార్డు ఒక్కడి పేరు మీద పడింది. 1936 తొలి నెలల్లో అనేక పరిశ్రమల్లో నియమాలను పెంచారు. పెరిగిన నియమం స్తఖనోవ్ ఒక్కడికి కాదు, ఆ దుంగలు నిలబెట్టేవాళ్ళకు, వాళ్ళ పక్క గనివాళ్ళకు కూడా. సోషలిస్టు నిర్మాణానికి శ్రమోత్సాహం అవసరం లేదని నేననడం లేదు. దేశాన్ని కట్టుకుంటున్న జనానికి ఆ ఉత్సాహం నిజంగానే ఉండింది. కాని పిడి ఎవరి చేతిలో ఉంది, తిత్తి ఎవరి కాలికింద ఉంది అన్న ప్రశ్న ఎర్రజెండా కింద అడగకూడనిది కాదు. 'పెట్టుబడి' మొదటి సంపుటిలో పనిదినం మీద అంత పెద్ద అధ్యాయం రాసిన మార్క్సు ఆ ప్రశ్నను ఏ జెండాకూ మినహాయించి ఉంటాడని నేననుకోను.

పనిదినమంటే గుర్తొచ్చింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒడంబడిక పనిగంటల మీదే: రోజుకు 8, వారానికి 48. అది కార్మికుడు సంపాదించుకున్న స్టాపు. గాలి ఆపే పిడి మొదటిసారి తొక్కేవాడి చేతికి వచ్చింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ, ఒకటి ఫ్యాక్టరీల పేరిట, ఒకటి వాణిజ్య సంస్థల పేరిట, రోజు పనివేళ పరిమితిని 10 గంటలకు పెంచే నిర్ణయాలు చేశాయి. వారానికి 48 అన్న అంకె కాగితం మీద ఉంచారు. వ్యాపార సౌలభ్యం అని దానికి పేరు. ఎవరి సౌలభ్యమో పేరులోనే ఉంది గనక వ్యాఖ్యానం అనవసరం.

ఐరోపాలో తిత్తులు తొక్కే పని 19వ శతాబ్దంలో నీటియంత్రాలకు, తరవాత విద్యుత్తు పంకాలకు పోయింది. అదే హాల్బెర్‌స్టాట్‌లో మరో చర్చిలో, జాన్ కేజ్ అనే అమెరికన్ స్వరకర్త రచనను 639 సంవత్సరాల పాటు సాగేలా 2001లో మొదలుపెట్టారు. విద్యుత్తుతో గాలి, మెట్ల మీద ఇసుక సంచులు. మనిషి అవసరమే లేకుండా మోగుతోంది. దాన్ని తలుచుకుంటే నాకు తమాషాగా కూడా ఉంటుంది, భయంగా కూడా ఉంటుంది. యంత్రం వచ్చాక పాత చర్చీల్లో ఆ చీకటి గదులు ఖాళీ అయ్యాయి. ఇంగ్లండులో కొన్ని చోట్ల ఆర్గన్ వెనక చెక్కల మీద తిత్తి ఆడించిన పిల్లలు మేకుతో గీసుకున్న పేర్లు, తేదీలు ఇప్పటికీ ఉన్నాయట. ప్రసంగం సాగుతున్నంతసేపూ వాళ్ళకు వేరే పని ఉండదు గదా, ఆ ఖాళీలో గీసి ఉంటారు.

మా సర్క్యులర్ సంగతి ఏమైందంటే, స్టాఫ్ సమావేశంలో ఇంగ్లీషు శాఖలోని పెద్దావిడ లేచి, స్టాపులు లాగడానికి మాకేమీ అభ్యంతరం లేదండీ, గాలి ఖర్చు ఎవరిదో చెప్పండి అని అడిగారు. మొదట నవ్వారు. తరవాత కామర్స్ శాఖవాళ్ళు ఊరూరికీ కిలోమీటర్ల లెక్క వేసిన కాగితం ఒకటి బల్లమీద పెట్టారు, దాని మీద ముప్ఫైమంది సంతకాలున్నాయి. గంట వాదన తరవాత పెట్రోలు ఖర్చు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. వేసవి జీతం విషయం జూన్‌లో మాట్లాడదామన్నారు. మేము ఆ తేదీ మినిట్సు పుస్తకంలో రాయించుకున్నాం.